పల్లకిలోంచి చూసిన దారి

నాకు మిగిలిన రెండు పళ్ళ మీద ఒట్టు, ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. అబద్ధమైతే ఆ రెండూ రేపటి జొన్నరొట్టెలో ఊడిపోవాలి.

అనగా అనగా, కోటగోడలు మరీ ఎత్తుగా ఉండి మబ్బులు కూడా ద్వారంలోంచే తల వంచుకుని వచ్చిపోయే రోజుల్లో, సోపానపురమని ఒక నగరం ఉండేది.

ఆ ఊళ్ళో ఇంటి గొప్పంతా మెట్లలోనే. ఎవరికైనా కాస్త కలిసొస్తే గది కట్టించుకునేవారు కాదు, వాకిట్లో నాలుగు మెట్లు కట్టించుకునేవారు. సంబంధానికి వచ్చినవాళ్ళు పిల్లవాణ్ణి చూసేవారు కాదు, మెట్లు చూసి వెళ్ళేవారు. ఇక రాజుగారి నాటకశాల సంగతి చెప్పనే అక్కర్లేదు. కింది మెట్టు మీద ఎండకి అప్పడాలు వేగుతుంటే, పై మెట్టు మీద మనుషులు దుప్పటి కప్పుకునేవారు. కొత్త పెళ్ళికూతురు నాటకానికని ఎక్కడం మొదలుపెడితే, పైకి చేరేసరికి చంకలో పిల్ల ఉండేది.

ఆ నగరం గోడ బయట, అద్దకంవాళ్ళ వీధిలో చెంగమ్మ ఉండేది. చిన్ననాటి జ్వరం ఆమె కాళ్ళు తీసుకుపోయింది, చేతులు వదిలిపెట్టింది. చక్రాల పలక మీద కూర్చుని, అరచేతులతో నేలను నెట్టుకుంటూ తిరిగేది. ఆ చేతులతోనే వెదురు కలం పట్టి, వసంతోత్సవానికి నాటకశాల తెర మీద బొమ్మలు వేసింది. చెరువు మీంచి లేచే హంసల బారు.

గుడిసె చూస్తే చాపంత, తెర చూస్తే చెరువంత. అందుకని వేసినంత మేర వేసి చుట్టేసేది. మొత్తం తెరను ఆమె ఒక్కసారీ చూడలేదు. వెనక దీపాలు పెడితే హంసలు రెక్కలు విప్పుతున్నాయని ఊరంతా వచ్చి ఆమెకే చెప్పేవారు.

ఆ తెర పున్నమి దాకానే ఉంటుంది. పున్నమినాడు దాన్ని కత్తిరించి కొలువులోవాళ్ళకి తలపాగాలుగా పంచడం ఆ రాజ్యపు ఆచారం.

"ఒక్కసారి చూస్తే చాలు మామా" అంది చెంగమ్మ, పక్కింటి ఓబన్నతో.

ఓబన్నకి చూపు లేదు. "చూసొచ్చి నాకూ చెప్పు అమ్మీ. ఊళ్ళోవాళ్ళు అన్నీ హంసలే అంటున్నారు. ఎక్కడో ఒక బాతునైనా దూర్చి ఉంటావని నా అనుమానం" అన్నాడు.

ఈ మాట ఆ నోటా ఈ నోటా రాజుగారి చెవిన పడింది. ఆయన జాలిగుండెవాడు. "నడవలేనివారికీ, చూడలేనివారికీ, అందరికీ మన నగరం చూపించండి. చివరికి నాటకశాలకి తీసుకురండి" అని మంత్రి ధీమంతరాయలికి చెప్పాడు.

ఆ ఊరి మంత్రి పాదం నేల తాకకూడదు. అదీ ఆచారమే. ధీమంతరాయలు పట్టుతెరల పల్లకి ఎక్కి దారి చూడ్డానికి బయలుదేరాడు. పల్లకిలో ఉన్నవాడికి మెట్లుండవు, కాస్త ఊగుతుంది అంతే. ఆయన ఊగి, కునికి, తిరిగొచ్చాడు.

"దారంతా అరచేయిలా ఉంది ప్రభూ. నేనే స్వయంగా వెళ్ళి చూశాను" అన్నాడు.

అబద్ధం చెప్పలేదు పాపం. మెట్ల సంగతి పల్లకి మోసే బోయీల మోకాళ్ళకి తెలుసు. మోకాళ్ళని ఎవరడుగుతారు?

మొదటిసారి అందరినీ బాజాలతో తీసుకెళ్ళారు. నాటకశాల ముందు అందరూ ఆగిపోయారు.

"ఏం, ఆగారేం?" అన్నాడు మంత్రి పల్లకిలోంచి.

"మెట్లున్నాయి దొరా" అంది చెంగమ్మ.

"ఎక్కడ?"

"చూపులేనివాణ్ణి, నాకే తగిలాయి. తమరికి కనబడలేదా?" అన్నాడు ఓబన్న.

మంత్రి తలా ఒక లడ్డు ఇప్పించి, రాజుగారి దయ మీద ఉపన్యాసం చెప్పాడు. అది ముగిసేసరికి లడ్డులో నెయ్యి ముక్కిపోయింది. అందరినీ ఇంటికి పంపేశారు.

రెండోసారి మంత్రి పట్టుదలగా మెట్ల మీద పాలరాతి ఏటవాలు బాట వేయించాడు. నిగనిగలాడాలని నూనె కూడా పట్టించాడు. "ముందు నా పలక తెచ్చి ఒకసారి ఎక్కి చూస్తాను" అని చెంగమ్మ కబురు పెట్టింది. "ఆ శ్రమ నీకెందుకు? నేనే ఎక్కి చూశాను" అని జవాబొచ్చింది. ఎలా ఎక్కాడో మీకు తెలుసు.

బాట ఎంత నిటారుగా ఉందంటే, బల్లి కూడా ఎక్కబోయి సిగ్గుపడి దిగిపోయింది. చెంగమ్మ సగం దాకా వెళ్ళింది. అక్కణ్ణించి జారింది. బజారు దాటి, కోటద్వారం దాటి, తిన్నగా తన గుమ్మం ముందుకొచ్చి ఆగింది. అరచేతుల తోలు ఆ పాలరాతి మీదే ఉండిపోయింది. ఇది మాత్రం నేను పెంచి చెప్పడం లేదు.

మూడోసారికి పున్నమి వచ్చేసింది. చేతులకి గుడ్డలు చుట్టుకుని వెళ్ళింది చెంగమ్మ. ఈసారి భటులు మాటా పలుకూ లేకుండా ఆమెను బియ్యపు మూటలా భుజాన వేసుకున్నారు.

"నా పలక" అంది.

"చూడ్డానికే కదా, పలకెందుకు?" అన్నాడు భటుడు.

పైకి తీసుకెళ్ళి ఒక స్తంభం వెనక దింపి వెళ్ళిపోయారు. పలక లేక ఆమె జరగలేకపోయింది. పిలిచింది, బాజాల్లో వినబడలేదు. ఓబన్న ఆ గొంతు ఆనవాలు పట్టి తడుముకుంటూ పక్కన చేరేసరికి తెర వెనక దీపాలు వెలిగాయి. ఊరంతా ఒక్కసారిగా ఆహా అంది.

"ఎట్లా ఉంది అమ్మీ?" అడిగాడు ఓబన్న.

"స్తంభం బాగుంది మామా" అంది చెంగమ్మ.

ఆయన భటుల కోసం కేకలేస్తుండగానే దీపాలు ఆరాయి. కత్తెరలు వచ్చాయి.

తలపాగాల పంపకం అయ్యాక రాజుగారు ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. "తృప్తిగా చూశావా అమ్మా?"

"చూశాను ప్రభూ. తమ తల మీద ఒక రెక్క ఉంది. మంత్రిగారి తల మీద ఒక కన్నుంది. మిగతా హంస ఎవరెవరి నెత్తిన ఉందో నాకు తెలీదు."

రాజుగారు తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఏం చేస్తే బాగుండేది?" అన్నాడు.

ఆ రాజ్యంలో ఆమెను ఎవరైనా అడగడం అదే మొదలు.

"మంత్రిగారిని ఒక్కరోజు నా పలక మీద ఊరు చూసి రమ్మనండి. తర్వాత మమ్మల్ని పిలిచి అడగమనండి."

మర్నాడు ధీమంతరాయలు పలక మీద బయలుదేరాడు. పొద్దు వాలినా తన ఇంటి మెట్లే దిగలేకపోయాడు. ఆ సాయంత్రం, బాట ఎలా ఉండాలో చెప్పమని అద్దకంవాళ్ళ వీధికి కబురొచ్చింది, బాజాలతో కాదు, మామూలు మనిషితో.

మరుసటేటికి నాటకశాల చుట్టూ తిరుగుతూ పాములా మెల్లగా ఎక్కే బాట సిద్ధమైంది. ముందు చెంగమ్మ ఎక్కి చూశాకే రాయి పరిచారు. పట్టుకుని నడవడానికి తాడు ఎక్కడ ఉండాలో ఓబన్న చెప్పాడు. అందరూ వెళ్ళారు, ముందు వరుసలోనే కూర్చున్నారు.

కొత్త తెర వెనక దీపాలు వెలిగాయి. దాని మీద చిలకలున్నాయి, ఇంకెవరో వేసినవి. చెంగమ్మ అరచేతులకి తోలొచ్చింది గానీ, కలం పట్టే పట్టు మళ్ళీ రాలేదు.

"బాగున్నాయి" అంది.

సరే, కథ అయింది, చాప చుట్టేయండి. ఇదిగో అమ్మడూ, నువ్వు మాత్రం లే. రేపు పట్నం చూడ్డానికి, నడవలేని మస్తానమ్మత్తని కూడా తీసుకెళ్దామని మీ నాన్న బండి మాట్లాడేసి, ఆవిడ ఎలా ఎక్కాలో, ఎక్కడ కూర్చోవాలో అన్నీ తనే తేల్చేశాడట. పరుగెత్తుకెళ్ళి ఆవిడనే అడిగి రా, ఎవరి ప్రయాణానికైనా దారి ముందుగా ఆ ప్రయాణం చేసేవాళ్ళనే అడగాలి.