గీత గీసిన చెయ్యి

రాజాంలో పారినాయుడు మాస్టారి దగ్గర కబడ్డీ నేర్చుకున్నవాళ్లు రెండు సంగతులు చచ్చినా మరిచిపోరు. ఒకటి, పొద్దున్నే ఆయన స్వయంగా కాచి పోసే శొంఠి మిరియాల కషాయం. రెండోది, ఆ మట్టి కోర్టుకి ఆయనే వంగి ముగ్గుపిండితో గీసే గీతలు. నడుం పట్టేసినా సరే, ఆ పని ఇంకొకరి చేతికి ఇచ్చేవారు కారు.

ఆయన శిష్యుల్లో పెద్ద లీగుల దాకా వెళ్లినవాడు లెంక గౌరీశు. టీవీలో వాడు కూతకి వెళ్తుంటే వాడికన్నా ముందు ఊరంతా ఊపిరి బిగబట్టేది. అలాంటివాడికి ఈ ఏడు మూత్రపరీక్షలో నిషేధించిన మందు బయటపడింది. రెండేళ్లు ఆడకూడదన్నారు. శిక్ష తగ్గించమని పెట్టుకున్న అర్జీ మీద రేపు విచారణ అనగా వాడు పొద్దున్నే మాస్టారి అరుగు మీద వాలాడు. ఆయన పోసిన కషాయం గ్లాసు చేత్తో పట్టుకున్నాడే గానీ నోట పెట్టలేదు.

"తెలియక ఒంట్లోకి వెళ్లినదానికి కూడా శిక్షేటి మాస్టారూ? ఇదేం న్యాయం?" అన్నాడు. ఆ వెనకే అసలు సంగతి బయటపెట్టాడు. "మీ కషాయంలో ఏదో కలిసిపోయి ఉంటుందని చెప్తే శిక్ష సగానికి తగ్గుద్దని వకీలు అంటున్నాడు. మీరు అవునంటే చాలు. ఈ వయసులో మిమ్మల్నెవరేటంటారు?"

చూశారా వరస! ఆడలేక మద్దెల ఓడన్నవాళ్లని చూశాం. వీడు ఏకంగా మద్దెల చేసిచ్చినవాడి మీదకే వెళ్లాడు. రోజూ అదే కషాయం తాగే కుర్రాళ్ల గతేమిటన్న ఆలోచన వాడి బుర్రకి తట్టనే లేదు.

మాస్టారికి కోపం రాలేదని నేను అబద్ధం చెప్పను. చెవులు ఎర్రబడ్డాయి. కానీ ఆయన వాదన పెట్టుకునే మనిషి కాదు. "ఆలోచిద్దాంలే. ముందు ఓ కూతకెళ్లి రా," అన్నారు.

కోర్టులో కుర్రాళ్లు అప్పటికే సాధన చేస్తున్నారు. గౌరీశు గ్లాసు అరుగు మీద పెట్టి, తొడ చరిచి కూత అందుకున్నాడు. ఎంతైనా పెద్ద లీగులో ఆడినవాడు. ఒకణ్ణి మోకాలి మీద తాకాడు, ఇంకొకడి పట్టు విదిల్చుకున్నాడు, మూలనుంచి పక్కకి జారి, దుమ్ము రేపుకుంటూ మధ్యగీత దాటి వచ్చేశాడు. కుర్రాళ్లు ఈలలు వేశారు. వాడు తాకిన ఇద్దరూ బయటికి నడవబోయారు.

గౌరీశు చెయ్యెత్తాడు. "ఆగండ్రా. అవుటయింది నేను. పక్కగీత తొక్కాను."

ఆ దుమ్ములో అది ఎవరి కంటా పడలేదు. వాడి మడమకి మాత్రం ముగ్గుపిండి తెల్లగా అంటుకుని ఉంది. అవుటైతే ఎవరూ చెప్పకముందే చెయ్యెత్తడం ఈ కోర్టులో కూతకన్నా ముందు నేర్పే పాఠం. ఎన్ని ఊళ్లు తిరిగొచ్చినా ఆ అలవాటు పోలేదు.

మాస్టారు దగ్గరికి వచ్చారు. "తెలిసి తొక్కావేట్రా?"

"లేదు మాస్టారూ. వెనక్కి జారుతున్నాను, కనబడలేదు."

"మరి చెయ్యెందుకెత్తావు? గీత గీసింది నేనేగా. ముసలాడు వంకరగా గీశాడని చెప్పకపోయావా?"

గౌరీశు తలెత్తలేకపోయాడు. సిగ్గుతో మొహం కందిపోయింది. ఆ సిగ్గుతోనే నిజం చెప్పేశాడు. "జిమ్ములో ఒకడు మాత్రలిచ్చాడు మాస్టారూ. ఏటని అడగలేదు. అడిగితే చెప్పేస్తాడని భయమేసి అడగలేదు." అంటూ అంత ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి వెక్కివెక్కి ఏడ్చాడు.

తర్వాత కండువాతో మొహం తుడుచుకుని, అరుగు మీద చల్లారిన కషాయం గటగటా తాగేశాడు. "రేపు ఇదే చెప్తాను. వకీలు నెత్తి బాదుకున్నా సరే, ఇదే చెప్తాను. రెండేళ్లకి రెండేళ్లూ బయటే ఉంటాను," అన్నాడు. గేటు దాకా వెళ్లినవాడు మాత్రం ఒక్కసారి వెనక్కి తిరిగాడు. "అన్నాళ్లు పోయాక నన్ను మళ్లీ లోపలికి ఎవరు రానిస్తారు మాస్టారూ?"

మాస్టారు అప్పటికే వంగి, వాడి మడమ చెరిపేసిన చోట ముగ్గుపిండి పోస్తున్నారు. తల ఎత్తకుండానే అన్నారు:

"మన ఆటలో మళ్లీ లోపలికి వచ్చేదెవడ్రా? బయటికి వెళ్లినవాడే కదా!"