ముక్కు కూలి, గుహ కూలి

నల్లరాళ్ళ గుట్ట కింద నక్క ఒక ఆసుపత్రి తెరిచింది. గుహ నక్కది, ముళ్ళు తీసేది మాత్రం కొంగ. నక్కకు వైద్యం ఓ ముక్క కూడా రాదు సుమండీ, చీటీ రాయడంలో మాత్రం దాన్ని మించినవాళ్ళు లేరు!

ఓ రోజు బోడెద్దు డెక్కలో తుమ్మముల్లు దిగింది. కుంటుకుంటూ వచ్చి గుహలో పడుకుంది. కొంగ ముక్కు పెట్టి ముల్లు లాగింది.

"బోడన్నా, ముల్లొచ్చింది గానీ మొన విరిగి లోపలే ఉండిపోయింది. వాపు తగ్గాక తీస్తా. నా కూలి ఒక్క మోపు జొన్నచొప్ప, గూటికి కావాలి."

ఎద్దు సరేనంది. దాని దగ్గరున్నవే పది మోపులు. వానలకింకా ఏడు వారాలుంది. వారానికొకటి చొప్పున ఏడైనా మిగలకపోతే పస్తులే.

అంతలో నక్క చీటీ అందించింది. "నీడకు ఒకటి, ఆకుల పక్కకు ఒకటి, కొంగ పనికి అయిదు. వెరసి ఏడు మోపులు!"

ఎద్దు లెక్కేసుకుంది, కొంగ కూలితో కలిపి ఎనిమిది పోతే మిగిలేవి రెండే. "నక్కబావా, కొంగక్క కూలి కొంగక్కే అడిగిందిగా?"

"అది దాని ముక్కు కూలి. ఇది గుహ చీటీ. నా గుహలో ఏ పని జరిగినా అది నా పనే!"

సొమ్మొకడిది సోకొకడిదని ఎద్దుకు ఒళ్ళు మండింది. పోయి గుహ వాకిట్లో అడ్డంగా పడుకుంది. బయట వరసలో నిలబడ్డ కుందేలూ కోతీ మెడలు సాచి చూశాయి.

"లెయ్యవయ్యా, దారికడ్డం!" అంది నక్క.

"లేవను. కొంగ పని నీ పనేనా? అందరూ వినేట్టు చెప్పు."

"నా పనే! వందసార్లు చెప్తా."

"అయితే మొన లోపల వదిలేసిందీ నువ్వే. అది బయటికొచ్చేదాకా నా పక్కా మేతా నీవే. ఇక్కణ్ణించి కదిలితే ఒట్టు!"

కోతి కిసుక్కుమంది. "అమ్మో, సగం పని చేసే ఆసుపత్రా!" అంటూ కుందేలు వెనక్కి తిరిగింది. నక్క గుహలోంచే కేకేసింది.

"ఆగండాగండి! మొన సంగతి నాకేం తెలుసు? అది కొంగ పని, నాకేం సంబంధం లేదు!"

"మరి ఆ అయిదు మోపులో?" అంది ఎద్దు.

నక్క తేలు కుట్టిన దొంగలా చీటీలో ఆ అయిదు మోపుల పద్దు కొట్టేసింది. ఎద్దు గుహకు రెండు, కొంగకు ఒకటి ఇచ్చేసింది. ఏడు మోపులు దక్కాయి.

"కొంగక్కా, మొన తియ్యడానికి మా గట్టుకే రా. అక్కడ నీడకు చీటీ లేదు."

"వస్తానన్నా. ఈసారి కూలొద్దు, సగంలో వదిలింది నేనేగా," అంది కొంగ.

కూలి నాదన్నవాడు తప్పు కూడా నాదే అనాలి.