ఎండని ఆకుల దండ

రోమ్ నగరం పుట్టకముందు మాట ఇది. టైబర్ నది ఒడ్డున ఏడు కొండలుండేవి. తెల్లవారేసరికి నది మీంచి పొగమంచు లేచి లోయలన్నిటినీ నింపేసేది. అప్పుడు చూస్తే కొండలు నేలమీద ఉన్నట్టు ఉండేవి కావు, పాలసముద్రంలో ఏడు పడవలు నిద్రపోతున్నట్టు ఉండేవి. అక్కడ మనుషుల్లేరు. జంతువులే దున్నుకునేవి, పండించుకునేవి, తగువులాడుకునేవి, తీర్పులు చెప్పుకునేవి.

వాటికి రాజు లేడు. కావాలనే పెట్టుకోలేదు. ఆపద వచ్చినప్పుడు మాత్రం అందరూ కలిసి ఒకరిని నాయకుడిగా ఎన్నుకునేవారు. నడికొండ మీద లారెల్ చెట్టు ఒకటుండేది. దాని ఆకు నలిగితే చాలు, చుట్టుపక్కలంతా కమ్మటి వాసన. ఆ ఆకులతో దండ కట్టి నాయకుడి తలకు పెట్టేవారు. దండ పచ్చగా ఉన్నన్నాళ్లూ అతని మాటే శాసనం. ఆకులు ఎండగానే దండ నదిలో వదిలేసి తన పనికి తను వెళ్లిపోవాలి. అదీ అక్కడి కట్టుబాటు.

ఒక వేసవి చివర నది అవతలి నుంచి తోడేళ్లు వచ్చిపడ్డాయి. సభ కూడింది.

"తెల్ల గుర్రం కాండిడస్‌కి పెడదాం దండ," అంది ముసలి బాతు. సభకు పెద్ద ఆమే. చిన్నా పెద్దా అందరూ అవ్వా అనే పిలిచేవారు.

"పరుగెత్తడం వచ్చు సరే. ఆగడం వచ్చా?" అంది గాడిద.

అందరూ గొల్లుమన్నారు. కాండిడస్ చెవులు వాలిపోయాయి. అప్పుడు ఎర్ర ఎద్దు రూఫస్ నెమ్మదిగా లేచాడు. అతను ఎప్పుడు లేచినా నెమ్మదిగానే లేస్తాడు. ఎద్దూ గుర్రం ఒకే చేను దున్నే జోడీ.

"వాడికి నేను పూచీ," అన్నాడు. "ఆకు ఎండిన రోజు వాడు దండ దించకపోతే నన్ను నది దాటించండి."

నది దాటించడమంటే తోడేళ్లకు అప్పజెప్పడమే. సభలో నవ్వు ఆగిపోయింది.

"ఎందుకన్నా అంత మాట?" అన్నాడు కాండిడస్ గొంతు తగ్గించి.

"నువ్వు దించుతావుగా?"

"నా ప్రాణం మీద ఒట్టు."

"మరింకేం. పని చూసుకుని తొందరగా వచ్చెయ్. నాగలి సగం చాలులోనే ఆగిపోయింది."

యుద్ధం మూడు రోజుల్లో ముగిసింది. పొగమంచును చీల్చుకుంటూ తెల్ల గుర్రం దిగివస్తుంటే, ఎక్కడ మంచు, ఎక్కడ గుర్రం అన్నది తోడేళ్లకు తెలియలేదు. మంచంతా గుర్రాలే అనుకున్నాయి. తోకలు ముడుచుకుని నదిలో దూకాయి.

తిరిగి వస్తుంటే దారి పొడుగునా జేజేలే. నక్క వుల్పియా కాస్త దూరంగా నడుస్తూ దండ వంకే చూస్తోంది.

మర్నాడు తెల్లవారుజామున చెవి దగ్గర ఏదో కదిలినట్టయి కాండిడస్ కళ్లు తెరిచాడు. తల పక్కనే వుల్పియా.

"ఏం చేస్తున్నావే?"

"ఒక ఆకు ఎండి మీకు గుచ్చుకుంటోంది ప్రభూ. తీసేసి పచ్చది పెడుతున్నా. ఒక్కటేలెండి."

వద్దనడానికి నోరు తెరిచాడు. కొత్త ఆకు వాసన ముక్కుకు తగిలింది. చల్లగా ఉంది. ఒక్క ఆకే కదా అనుకుని కళ్లు మూసుకున్నాడు.

ఆ తర్వాతి రోజు నక్క రాకముందే తల వంచి కూర్చున్నాడు.

అప్పటినుంచి ఏడు కొండల మీద కాలం ఆగిపోయినట్టయింది. అత్తిపళ్లు పండి రాలిపోయాయి. దండ పచ్చగానే ఉంది. వానకోయిలలు గుంపులు కట్టి వెళ్లిపోయాయి. దండ పచ్చగానే ఉంది. కొండ కొమ్ముల మీద తొలిమంచు కురిసింది. నాయకుడు ఎన్నుకున్న రోజున ఎలా ఉన్నాడో అలాగే, తల మీద వేసవితో, చెట్టు కింద నిలబడి ఉన్నాడు. చూసేవాళ్లకు అంతా కలలో జరుగుతున్నట్టుండేది. ఎన్నాళ్లయిందని ఒకరినొకరు అడగడం మానేశారు.

నక్క ఇప్పుడు దండకు కాపలాదారు. దాన్ని అడక్కుండా ఎవరూ నాయకుడి దగ్గరికి వెళ్లకూడదు. ఒక రోజు శాసనం వచ్చింది: తోడేళ్ల భయం ఇంకా పోలేదు గనుక కోళ్లన్నీ నక్క కొండ మీదే పడుకోవాలి. కోళ్లు వెళ్లాయి. వారం తిరిగేసరికి వాటి కూతలు సగమయ్యాయి.

బాతు అవ్వ చేనుకు వచ్చింది. రూఫస్ ఒంటరిగా నాగలి లాగుతున్నాడు.

"నాయనా, పూచీ నీది."

"తెలుసవ్వా."

"పొద్దున సభ కూడుతోంది. నువ్వు వాణ్ణి దించాలి, లేదంటే నిన్ను మేం దాటించాలి. ఈ మాట నీకు చెప్పాల్సి వస్తుందనుకోలేదురా."

రూఫస్ చాలు చివరికంటా వెళ్లి, నాగలి ఆపి, నోరు కడుక్కోవడానికి ఏటికి వెళ్లాడు.

పొద్దున మంచులో సభ కూడింది. రూఫస్ నేరుగా చెట్టు కిందికి నడిచాడు.

"తమ్ముడూ, ఆకు ఎండలేదా?"

కాండిడస్ కంటే ముందే వుల్పియా ముందుకొచ్చింది.

"కళ్లున్నాయిగా ఎద్దు బావగారూ, చూడండి! పచ్చగా మిలమిలలాడుతోంది. ఈ తల మీదికి వచ్చాక ఆకులు వాడటం మానేశాయి. అది వీరి మహిమ. కట్టుబాటు ఏం చెబుతోంది? పచ్చగా ఉన్నన్నాళ్లూ వీరే నాయకులు."

"నిజమే. నువ్వు చెప్పు తమ్ముడూ. ఇవి మనం కట్టిన ఆకులేనా?"

గుర్రం నేలచూపులు చూశాడు. "అవే," అన్నాడు. ఆ ఒక్క మాట పూచీ పడ్డవాణ్ణి నదిలోకి నెట్టేస్తుందని అతనికి తెలుసు. తెలిసే అన్నాడు.

రూఫస్ ఇంకో అడుగు దగ్గరికి వేశాడు.

"సరే. వేసవిలో వాసన చూశాను. వెళ్లే ముందు ఇంకోసారి చూడనివ్వు."

కాండిడస్ తల వంచాడు. ఎద్దు మూతి దగ్గరికి తెచ్చాడు, వాసన చూశాడు, నాలుక చాపి దండ మొత్తం నోట్లో పెట్టుకున్నాడు.

కరకర నమిలిన చప్పుడు ఏడు కొండలూ విన్నాయి. ఎన్నో నెలల కలలోంచి అందరూ ఒక్కసారిగా లేచినట్టయింది.

"ద్రోహం!" నక్క అరిచింది. "దండను తినేశాడు!"

"నేను ఎద్దును. ఆకు కనిపిస్తే తింటాను," అన్నాడు రూఫస్ నోటినిండా ఆకులతో. "ఎండాకూ తిన్నాను, పచ్చాకూ తిన్నాను. పుట్టిన దగ్గర్నుంచీ నాకు అదే చదువు. ఇది నాలుగు నెలల ఆకు కాదు. ఈ పొద్దుటిది. మంచుచుక్క ఇంకా ఆరలేదు. తుంచినవాళ్ల నోరు కూడా ఇదే వాసన వేస్తూ ఉంటుంది."

బాతు అవ్వ మెడ చాచి వుల్పియా మూతి దగ్గర వాసన చూసింది. ఒక పక్క లారెల్. ఇంకో పక్క కోడి ఈకలు. అవ్వ కెవ్వుమంది. కొండల మీది బాతులన్నీ కెవ్వుమన్నాయి.

"మరిప్పుడు దండ ఎక్కడుంది?" గాడిదకు సందేహం వచ్చింది. "ఎద్దు నోట్లో ఉంది. అంటే నాయకుడు ఎద్దేనా?"

"నమిలి మింగేదాకా నేనే," అన్నాడు రూఫస్. "అందుకే తొందరగా చెబుతున్నా. కోళ్లు వాటి గూళ్లకు వెళ్లాలి. నక్క నది దాటాలి. కాండిడస్ చేనుకు రావాలి."

మింగేశాడు.

"అయిపోయింది. ఇక నా మాట ఎవరూ వినక్కర్లేదు."

వుల్పియా నదిలో దిగింది. అవతలి గట్టున తోడేళ్లు కూర్చుని చూస్తున్నాయి. వాటి దగ్గర దండలూ లేవు, కట్టుబాట్లూ లేవు.

చేనులో కాండిడస్ కాడి కిందికి మెడ పెట్టాడు. దండ ఉన్నచోట నుదుటి మీద గీత పడింది.

"అన్నా, మొదటి రోజు ఒక్క ఆకే..."

"కాడి సరిగ్గా వేసుకో," అన్నాడు రూఫస్. "చాలు వంకర పోతుంది."

చాలా ఏళ్ల తర్వాత ఆ కొండల మీదికి మనుషులు వచ్చారు, రోమ్ నగరం కట్టారు. వాళ్ల ఏలికలూ తలకు ఆకుల దండ పెట్టుకున్నారు. కానీ ఆ దండను బంగారంతో చేయించుకున్నారు. బంగారు ఆకు ఎండదు, ఎద్దులూ తినవు. ఆ తర్వాత అక్కడ దండలు దించడానికి కత్తులు కావాల్సి వచ్చింది.

నీతి: దించుకోవడం చేతనైన తలకే అధికారం అప్పజెప్పాలి.