చెల్లని సంతకం

నదికి ఇవతల ఒక అడవి, అవతల ఇంకో అడవి. మధ్య రేవులో సుంకం చౌకీ. ఏ మూట దాటాలన్నా అక్కడి అధికారి ఎలుగుదొరకి కాగితం చూపించాల్సిందే. ఆ పని చేసిపెట్టే లైసెన్సు నక్క పాపయ్యది. అతగాడి దగ్గర పదేళ్ళుగా చాకిరీ చేస్తున్నవాడు ఎద్దు పుల్లన్న. మూట వాసన చూసి లోపలేముందో చెప్పేస్తాడు. ఏం లాభం? చౌకీ గడప తొక్కాలంటే పరీక్ష పాసై కార్డు తెచ్చుకోవాలి. పరీక్ష రాయాలంటే పనిచేసే చోట యజమాని సంతకం కావాలి.

ఏటా ఇదే తంతు.

"షావుకారు గారూ, దరఖాస్తు మీద ఓ సంతకం..."

"ఈ ఏడు పని ఒత్తిడి పుల్లన్నా. పైయేడు చూద్దాంలే."

నిజం చెప్పొద్దూ, వీడు పాసైతే ఎదురుగా కొట్టు పెడతాడని నక్కకి గుబులు. నిరుడు చేరిన చిలకకి మాత్రం వారం తిరక్కుండానే సంతకం పెట్టేశాడు. అది నిబంధనలన్నీ బట్టీ కొట్టి, కార్డు మెళ్ళో వేసుకుంది.

"రేపటితో గడువు అయిపోతుందయ్యా. పైయేటికి నా వయసు దాటిపోతుంది. ఇదే ఆఖరు," అని ఈసారి ఎద్దు బతిమాలాడు.

"ముందు ఆ తవుడు బస్తాలు దించు," అన్నాడు నక్క.

రేవులో దించుతూనే ఎద్దు ముక్కు ఎగబీల్చాడు. చౌకీ కటకటాల అవతలినుంచే కేకేశాడు. "షావుకారు గారూ, అడుగున గంధం చెక్కలున్నాయి! పుట్టినప్పట్నుంచీ తవుడు తిన్నవాణ్ణి, నాకు తెలీదూ? విప్పి చూడండి!"

"కాగితంలో తవుడనే ఉంది," అంది చిలక.

"కార్డు లేనివాడికి కబుర్లెక్కువ," అని నక్క కసిరాడు. "పరీక్ష పాసైంది నువ్వా, అదా?"

అసలు రాయనిచ్చిందెవరు గనక! పాపం, ఎద్దు మిగతా బస్తాలు దించడంలో పడ్డాడు.

చిలక తవుడు కాగితం మీద సంతకం చేసింది. ఎద్దు కేక చెవినపడ్డ ఎలుగుదొర బస్తా చీల్చాడు. గంధం చెక్కలు బొలబొలా రాలాయి. అక్కడికక్కడే నక్క లైసెన్సు రద్దు. చిలక కార్డు పారేసి ఎటో ఎగిరిపోయింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మర్నాడు నక్క దరఖాస్తు పట్టుకుని వచ్చాడు.

"తప్పు చేశాను పుల్లన్నా. పదేళ్ళు నీ నోట్లో మట్టి కొట్టాను. ఇదిగో, సంతకం పెట్టాను. నువ్వైనా బాగుపడు."

ఇద్దరూ పరుగున చౌకీకి వెళ్ళారు. ఎలుగుదొర కాగితం చూసి వెనక్కిచ్చేశాడు.

"లైసెన్సు లేనివాడి సంతకం చెల్లదు పాపయ్యా."

నక్క ఏడ్చాడు. నక్క ఏడుపేగా అనుకునేరు, అది నిజమైన ఏడుపే. ఎద్దు మాత్రం ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు.

"ఇంత చిన్న సంతకమా షావుకారు గారూ! నిన్న పొద్దున పెట్టుంటే సరిపోయేదిగా."

నీతి: చేయగలిగిన రోజున చేయని మేలు, చేయాలనిపించిన రోజున చేతికి అందదు.