సువార్తమ్మ అందించిన టీ నీళ్ళు

అప్పుడెప్పుడో, కొల్లేటికి గట్లు లేని కాలంలో, కొంగలు మనుషుల్ని చూసి ఇంకా బెదరని కాలంలో, నీళ్ళ నడుమ ఓ లంక ఉండేది. దిబ్బ మీద రెండు వరసల పూరిళ్ళు. చివర తాటాకుల గుడి. గుడంటే మన ప్రార్థన గుడేనమ్మా. వెనకున్న వాళ్ళు కాస్త ముందుకు జరగండి, కథ మెల్లగా చెప్పుకునేది.

ఆ లంకలో సువార్తమ్మ అని ఓ ముసలావిడ. తుంగ చాపలు అల్లుకుని బతికేది. కళ్ళల్లో పువ్వులు పూశాయి. లంకకి శీతాకాలమే మంచు, ఆవిడకి ఏడాది పొడుగునా మంచే. ఆ మంచులోనే మనుషుల్ని పోల్చుకునేది, దగ్గుని బట్టి, అడుగుల చప్పుడుని బట్టి.

రోజూ వేకువ ప్రార్థన అవగానే గుడి ముందు పొయ్యి రాజేసేది. నీళ్ళు పొంగేవి. బెల్లం కరిగేది.

"రండి నాయనా, ఓ చుక్క టీ తాగిపోండి. ప్రార్థన అవగానే ఎవరి దారిన వాళ్ళు పోతే దేవుడు బెంగపెట్టుకోడూ" అనేది.

ఇలా ఉండగా బర్నబా, ఏలియా అనే అన్నదమ్ములకి తగువొచ్చింది. నీళ్ళల్లో పాతిన చేపల తడిక ఓ జానెడు జరిగింది. నువ్వు జరిపావంటే నువ్వు జరిపావనుకున్నారు. తూర్పు వరస అన్న పక్షం, పడమటి వరస తమ్ముడి పక్షం. గుడిలో కూడా ఈ పక్క వీళ్ళు, ఆ పక్క వాళ్ళు. మధ్యలో పడవ పట్టేంత ఖాళీ.

క్రిస్మస్‌కి, ఏడాదికోసారి వచ్చే పాస్టరు అయ్యగారు అవతలి ఒడ్డు నుంచి పడవలో వచ్చారు. బుట్టలో ప్రభువు బల్లకి రొట్టె, ద్రాక్షరసం. ఆ ఖాళీ చూసి నిలబడిపోయారు.

"అన్న మొహం తమ్ముడు చూడని చోట నేను రొట్టె విరవలేనమ్మా" అన్నారు. బుట్ట మూత తియ్యకుండానే వెళ్ళిపోయారు. మరుసటేడూ అంతే.

సువార్తమ్మకి దిగులు పట్టుకుంది. "తండ్రీ, నాకు పొద్దు వాలింది. పోయేలోపు నీ బల్ల దగ్గర ఇంకొక్కసారి చెయ్యి చాపనియ్యి" అని చాప అల్లుతూ ప్రార్థించేది. ఆ చాపల మీద కన్నీళ్ళు పడ్డ చోట తుంగ మళ్ళీ పచ్చబడేదని అంటారు. నిజమో కాదో, అంటారు.

మూడో ఏడు వచ్చింది.

మొదటిసారి అన్నదమ్ములిద్దర్నీ తన గుడిసెకి పిలిచింది. పొయ్యి రాజేసింది. నీళ్ళు పొంగాయి. బెల్లం కరిగింది. అన్న ఈ గుమ్మంలో వచ్చాడు, తమ్ముడు ఆ గుమ్మంలో వచ్చాడు. ఒకరినొకరు చూసుకుని, వచ్చిన గుమ్మంలోనే వెళ్ళిపోయారు. టీ చల్లారిపోయింది.

రెండోసారి ఓ చెంబుడు టీ పట్టుకుని బర్నబా ఇంటికి వెళ్ళింది. పొయ్యి రాజేసి, నీళ్ళు పొంగించి, బెల్లం కరిగించి తెచ్చిందే.

"మీ తమ్ముడు పంపాడు నాయనా."

బర్నబా ఓ గుక్క తాగి నవ్వాడు. "మామ్మా, మా వాడు పంపితే ఇందులో బెల్లం ముక్క కాదు, చెరుకు గానుగే ఉండేది. ఈ వయసులో అబద్ధాలు నేర్చుకుంటున్నావా?"

సువార్తమ్మ సిగ్గుపడిపోయింది. "తప్పేరా నాయనా. కానీ వాడికెంత తీపి కావాలో నీకింకా గుర్తుందే" అంది.

బర్నబా నవ్వు ఆగిపోయింది. చెంబు ఆమె చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

మూడోసారి ఆవిడ ఏ ఎత్తూ వెయ్యలేదు. మంచే వచ్చింది.

క్రిస్మస్ వేకువన కొల్లేరు మీద ఎన్నడూ లేనంత మంచు దిగింది. నీళ్ళేవో, నేలేదో తెలీదు. కొంగల రెక్కల చప్పుడే గానీ కొంగ కనపడదు. ఎవరి చెయ్యి వాళ్ళకే మోచేతి దాకానే కనపడుతోంది. అయ్యగారి పడవ ఎక్కడో దారి తప్పింది. "ఓయ్, ఎటు రావాలి?" అన్న కేక ఒకసారి తూర్పు నుంచి, ఒకసారి పడమట నుంచి, ఒకసారి ఆకాశం నుంచి వచ్చినట్టుంది. గుడి ముందు జనమంతా ఎక్కడి వాళ్ళక్కడ, కలలో నిలబడ్డట్టు నిలబడిపోయారు.

లంక మొత్తానికి ఆ పూట తడుముకోకుండా నడిచింది సువార్తమ్మ ఒక్కతే. ఆవిడకది రోజూ ఉండే లోకమేగా.

పొయ్యి రాజేసింది. నీళ్ళు పొంగాయి. బెల్లం కరిగింది. గ్లాసు నింపి ఒక్కొక్కరి చేతిలో పెట్టింది.

"ఎవరి టీ వాళ్ళు తాగకండి నాయనా. పక్కనెవరుంటే వాళ్ళకి అందివ్వండి. మీది మీకు వస్తుంది."

"పక్కన ఏ వరస వాళ్ళో ఎలా తెలుస్తుందే?" అని ఎవరో గొణిగారు.

"చలి పుడుతున్న వరసే" అందావిడ.

ఓ దగ్గు వినపడింది. దానికి నాలుగడుగుల దూరంలో ఇంకో దగ్గు. ఆవిడకి రెండూ తెలుసు. బర్నబా భుజం పట్టుకుని నాలుగడుగులు నడిపించి, గ్లాసు చేతికిచ్చింది.

బర్నబా మంచులోకి గ్లాసు చాపాడు. మంచులోంచి ఓ చెయ్యి వచ్చింది. వేళ్ళు తగిలాయి. చిటికెనవేలు వంకర. చిన్నప్పుడు దోనె కింద పడి నలిగిన వేలు. ఆ రోజు ఏడుస్తున్న తమ్ముణ్ణి చంకనేసుకుని ఇంటికి పరిగెత్తింది బర్నబానే.

గ్లాసు వదల్లేకపోయాడు. అవతలి చెయ్యీ వెనక్కి పోలేదు. టీ గ్లాసు అంచు దాటింది.

మంచులోంచి మాట వచ్చింది.

"వదులన్నా, ఒలుకుతోంది."

"కాలుతోందా?"

"లేదు. చలికి బావుంది."

మంచు విడేసరికి అయ్యగారి పడవ ఒడ్డున ఉంది. అన్నదమ్ములిద్దరూ ఒకే గ్లాసు పట్టుకుని ఉన్నారు. చుట్టూ చూస్తే తూర్పు వరస వాళ్ళ టీ పడమటి వాళ్ళ చేతుల్లో, పడమటి వాళ్ళది తూర్పు వాళ్ళ చేతుల్లో. అయ్యగారు బుట్ట మూత తీశారు. గుడిలో మొట్టమొదట చాపిన చెయ్యి సువార్తమ్మది.

ఆ మరుసటేడు కొల్లేటికి వరదలు రాకముందే ఆవిడ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. పాడె ముందు కొమ్ములు ఒకటి అన్న, ఒకటి తమ్ముడు మోశారు.

ఇప్పటికీ ఆ లంకలో ఎవరి టీ వాళ్ళు తీసుకోరు. పక్కవాళ్ళకి అందించి, తమది వచ్చేదాకా నిలబడతారు. తెలియని చుట్టం తొందరపడి గ్లాసెత్తితే, "ఆగయ్యా, నీది వస్తుందిలే" అంటారు. ఎక్కడైనా ఇద్దరికి మాటల్లేకపోతే, పెద్దలు తీర్పులు చెప్పరు. పొయ్యి రాజేసి, "మంచు దిగనీలే" అంటారు.