చెక్క డేగ గుండె

మొన్న మన ఊరి మీదుగా యుద్ధవిమానం పోయింది కదా, ఏం చూశారర్రా? చెప్పండి! రెక్కలు చూశారు. తోక చూశారు. దాని గుండె, అదే ఇంజను, చూశారా? లేదు కదూ? అయితే ఏమీ చూడనట్టే. కూర్చోండి, చెబుతా.

అనగనగా ఒక అడవి. అక్కడ వాగు మీదికి వంగిన ఈతచెట్ల నిండా గిజిగాళ్ల గూళ్లు. ఏటా వానాకాలంలో గుడ్లు పిల్లలయ్యేవి. పిల్లలు కిచకిచమనగానే గద్దలు దిగేవి.

గిజిగాళ్లకు ఒక ఆచారం ఉంది. మగపిట్ట గూడు సగం అల్లి ఆగుతుంది. ఆడపిట్ట వచ్చి ప్రతి పోచనూ ముక్కుతో లాగి చూస్తుంది. లాగి చూడని గూట్లో గుడ్డు పెట్టదు.

గద్దల్ని తరమడానికి పిట్టలన్నీ కలిసి ఒక చెక్క డేగను చేశాయి. వడ్రంగిపిట్ట ములుగయ్య ఒళ్లు చెక్కాడు. గిజిగాళ్లు రెక్కలు అల్లారు. అన్నీ ఉన్నాయి, కానీ అది ఎగరలేదు.

చలికాలంలో సముద్రం అవతలి నుంచి కొంగదొర వచ్చాడు. లక్కతో మూసిన పెట్టె ఒకటి తెచ్చాడు.

"ఇదే డేగ గుండె. దీన్ని చేయడం కూడా మీకు నేర్పుతాం," అన్నాడు.

"ఏదీ, ఒకసారి లాగి చూడనీ," అంటూ ఆడ గిజిగాడు నూలమ్మ ముక్కు చాచింది.

"లక్క పగిలిందా, మన ఒప్పందం పోయినట్టే!" అన్నాడు కొంగదొర.

"అతిథి ముందు పరువు తీయకు నూలమ్మా," అని పిట్టల పెద్ద, చిలుక పచ్చయ్య గసిరాడు. "నేర్పుతామన్నారుగా!"

"ఎప్పుడు?" అంది నూలమ్మ.

"వచ్చే చలికి," అన్నాడు కొంగదొర.

నూలమ్మ ముక్కు వెనక్కి తీసుకుంది. అక్కడే కొంప మునిగింది!

డేగ ఎగిరింది. గద్దలు బెదిరాయి. మరుసటి చలికి కొంగలు పెట్టె బిగించడం నేర్పాయి. ఆ పై చలికి పెట్టె తుడవడం నేర్పాయి.

"తుడవడమా! అది మా చంటోడూ చేస్తాడు. గుండె చేయడం ఎప్పుడు దొరా?" అన్నాడు ములుగయ్య.

"వచ్చే చలికి."

కొంగలు వెళ్లిపోయాయి. వానలు పడ్డాయి. నూలమ్మ గూట్లో ముగ్గురు పిల్లలు కళ్లు తెరిచారు. ఆ రోజే డేగ గుండె ఆగింది.

పైనుంచి గద్ద కేక వేసింది. "ఏమే చెక్కపిల్లా, ఊపిరాడటం లేదా?"

నూలమ్మ లక్క పగలగొట్టింది. లోపల సన్నని చక్రాలు, వాటి మధ్య చిక్కుపడ్డ దారాలు. ఏ దారం లాగాలో తెలియలేదు. ములుగయ్యకూ తెలియలేదు. గద్ద నీడ గూటి మీద పడింది. పోయింది. గూట్లో ఇద్దరే మిగిలారు.

ఆ రోజు నుంచి నూలమ్మ, ములుగయ్య సొంతంగా గుండె చేయడం మొదలుపెట్టారు. మొదటిది కదల్లేదు. రెండోది విరిగింది. మూడోది డేగను చెట్టు సగం ఎత్తుకు లేపి దబ్బున పడేసింది.

మళ్లీ చలి వచ్చింది. కొంగదొర కొత్త పెట్టె తెచ్చాడు. దాని మీదా లక్కే.

"ఇది ఇంకా గట్టిది. ఈసారి తప్పకుండా నేర్పుతాం."

పచ్చయ్య నూలమ్మ వైపు చూశాడు. చలి, ఎండ దాటితే మళ్లీ వానలే. నూలమ్మ, ములుగయ్య చేసిన గుండె ఇంకా సగం చెట్టు దాటలేదు.

నీతి: విప్పి చూడనివ్వని సాయం మన చేతికొచ్చినా మనది కాదు. నేర్చుకున్నదే మనది.

మరి ఆ పెట్టెను ఏం చేయాలి? పచ్చయ్య చోట మీరుంటే కొంగదొరకు ఏం చెబుతారు?