వరహాలమ్మ గుమ్మంలో ముగ్గు

నాగలింగ గురువుగారిని ప్రశ్న అడగడానికి వచ్చినవాడు ముందు ఒక చెంబుడు మంచినీళ్ళు తాగాలి. గొంతెండినవాడు అడిగేది ఒకటి, దాహం తీరినవాడు అడిగేది ఇంకొకటి అనేవారాయన. ఇంజరం దగ్గర గౌతమి గట్టున తాటాకు పాకల్లో ఆయన కాపురమూ, మా చదువూ కలిసే సాగేవి. ఆయన సన్యాసి కాదు. ఉన్నది ఒక్కటేననే అచల మతం చెప్పే సంసారి. భార్యకు కూర తరిగి ఇస్తూ కూడా పాఠం చెప్పగలరు. వాదం మాత్రం పెట్టుకోరు. వాదించి గెలిచినవాడు ఓడినవాడి బుర్రని ఇంటికి పట్టుకెళ్తాడా ఏమిటి అని నవ్వేవారు.

ఒక మధ్యాహ్నం వీర్రాఘవులు వచ్చాడు. పోలేకుర్రు బడిలో లెక్కల మేష్టారు. మాతోపాటు ఆదివారాలు పాఠానికి వచ్చేవాడు. నెమ్మదైన మనిషి. చెంబుడు నీళ్ళూ ఒక్క గుక్కలో తాగేశాడు గాని, దాహం తీరిన మొహం కాదది.

"మా సత్యవేణి పుట్టింటికి వెళ్ళిపోయిందండి. నేను తిట్టలేదండి, కొట్టలేదండి. ఆవిడకి దాహం వెయ్యకముందే నీళ్ళందించేవాణ్ణి. చెప్పబోయే మాట నేనే చెప్పేసేవాణ్ణి. కలొచ్చి ఉలిక్కిపడి లేస్తే, ఏం కలో కూడా నేనే చెప్పేవాణ్ణండి" అన్నాడు.

"ఏమని వెళ్ళిందిరా?" అన్నారు గురువుగారు, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ.

"ఈ ఇంట్లో నాకు పనేం లేదు అందండి. ఇప్పుడే వెళ్ళి తీసుకొచ్చేస్తాను. నాకొకటే అనుమానం. ప్రేమంటే రెండు ప్రాణాలు ఒకటైపోవడమే కదండీ? అది కూడా తప్పేనాండీ?"

ఉన్నది ఒక్కటే, రెండోది లేదు అని ఆ పొద్దుటే మాకు గొంతు చించుకుని చెప్పిన గురువుగారాయన. ఇప్పుడేమంటారు! మాలో ఒకరిద్దరికి లోపల్లోపల సరదా పుట్టింది. ఆయన వీర్రాఘవుల్ని ఎగాదిగా చూసి, "యానాంలో వరహాలమ్మగారని ఉండేవారు. నేను చూసేసరికే ముసలావిడ. ఆవిడ నోట విన్నది చెబుతాను, కూర్చో" అన్నారు. ఆయన చెప్పినట్టే చెప్పడం నా తరం కాదు. నాకు చేతనైనట్టు చెబుతాను.

యానాంలో ఫ్రెంచివాళ్ళ జెండా ఎగిరే రోజులవి. గోదావరి పాయలకు పటాలు గీసే ఉద్యోగం మీద రెనార్ దొర అనే ఆయన వచ్చి ఒక మేడగదిలో దిగాడు. ఎదుటి పెంకుటిల్లు వరహాలమ్మది. ఆవిడ భర్త గంగులు తెరచాప ఓడ మీద సరంగు. బర్మాలో రంగం రేవుకి వెళ్ళాడంటే నెలల తరబడి ఇంటి మొహం చూడడు. వరహాలమ్మ చీకటితో లేచి, గుమ్మం ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు వేసేది. చిన్నప్పుడు కత్తిపీట తెగి ఆవిడ చూపుడువేలు కాస్త వంకరగా అతుక్కుంది. అందుకని మెలిక తిరిగిన ప్రతిచోటా గీత కొంచెం వణికేది. ముగ్గులో ఆ వణుకు చూసే "అదుగో, వరహాలు ఇల్లు" అనేవాళ్ళు వీధిలో.

దొర మేడ మీంచి చూశాడు. మొహం చూశాడో లేదో గాని, వంగిన వీపూ, పిండి జారవిడిచే చెయ్యీ చూశాడు. ఇక అక్కణ్ణించి రోజూ చూశాడు. బల్లమీద గోదావరి పటం అలాగే పడి ఉంది. పాయలు ఉండవలసిన చోట మెలికలు గీసుకుంటూ కూర్చునేవాడు. వీధిలో ఎదురైతే తల వంచుకుని తప్పుకునేవాడు. ఏనాడూ పలకరించలేదు, వెకిలి చూపు చూడలేదు. దొరల్లో ఇంత పెద్దమనిషిని ఎరగమని ఊరంతా చెప్పుకుంది. గురువుగారు ఇక్కడ ఆగి, "మంచివాడే" అన్నారు.

ఒక తెల్లవారుజామున వరహాలమ్మ తలుపు తీసేసరికి గుమ్మం ఊడ్చి ఉంది. కళ్ళాపి చల్లి ఉంది. తామరపువ్వు ముగ్గు వేసి ఉంది. పక్కింటి నూకాలమ్మ వేసిందేమోనని వెళ్ళి అడిగింది.

"నీ ముగ్గు నువ్వేసుకుని నన్నడుగుతావేంటే? ఆ వణుకు నాకెక్కణ్ణించి వత్తాది?" అంది నూకాలమ్మ.

వరహాలమ్మ తిరిగొచ్చి ముగ్గు మీదికి వంగి చూసింది. ప్రతి మెలికలోనూ గీత వణికింది, తన వేలు వణికే చోటే.

మర్నాడూ అంతే. ఎంత ముందు లేచినా అప్పటికే కళ్ళాపి తడి ఆరుతూ ఉండేది. ఆవిడ సాయంత్రం దీపాలవేళ కావాలని ఒక చుక్క తప్పించి వేరే ముగ్గు వేసి చూసింది. తెల్లారేసరికి అదే ముగ్గు, అదే చుక్క లేకుండా, కొత్త పిండితో ఉంది. ఇంకోరోజు పడుకోబోతూ, రేపు రథం ముగ్గు వేద్దాం అనుకుంది. అనుకుంది, అంతే. పైకి అనడానికి ఇంట్లో ఎవరున్నారు గనక? పొద్దున్న తలుపు తీస్తే గుమ్మంలో రథం ఉంది.

దొంగపడ్డాడని చెప్పడానికి ఏమీ పోలేదు. దయ్యమని చెబుదామంటే దయ్యాలు గుమ్మం ఊడ్చవు. మొగుడు ఊళ్ళో లేని ఆడది, తెల్లవారుజామున నా వాకిట్లో ఎవరో ఉంటున్నారని నోరు జారితే, ఆ ఎవరో ఎవరన్నది వీధే తేల్చేస్తుంది. అంతటితో కాపురం కూలిపోతుంది. అందుకని కుక్కిన పేనులా ఊరుకుంది. పైగా వీధిలో అమ్మలక్కలు వచ్చి, వరహాలూ, ఈ మధ్య నీ ముగ్గు కళకళ్ళాడిపోతోందే అని మెచ్చుకుంటూ ఉంటే నవ్వుమొహం పెట్టవలసి వచ్చేది.

ఈలోగా ఓడ వచ్చింది. గంగులు పెట్టె నెత్తిన పెట్టుకుని, తెలతెలవారుతుండగా ఇంటికొచ్చాడు. "ఈది మొదట్లోనే చూసేనే నీ ముగ్గు. పేణం లేచొచ్చింది" అన్నాడు. వరహాలమ్మ ఆ రాత్రి కన్ను మూయలేదు. మర్నాడు తొలికోడి కూయకముందే లేచి, ఎవరూ రాకముందే, తన చేత్తో తనే ముగ్గు వేసింది. గంగులు వేపపుల్ల నముల్తూ బయటికొచ్చి, తల పక్కకి వాల్చి చూశాడు.

"ఇయ్యాల ముగ్గెవరేసేరే? నూకాలమ్మొదినా? నీ చెయ్యి కాదిది."

వరహాలమ్మ చూసింది. చుక్కలవే, మెలికలవే, వణుకూ అదే. అయినా ఎవరో తన ముగ్గు చూసి వేసినట్టే తనకీ అనిపించింది. అంతవరకూ కాపురం పోతుందేమోనన్న భయం. ఆ క్షణం నుంచి తనే పోతుందేమోనన్న భయం పట్టుకుంది. ఒంట్లోంచి చలి పుట్టుకొచ్చిందట, నడివేసవిలో.

ఆ మర్నాడు ఆవిడ తలుపు పక్కనే గోడకి చేరబడి కూర్చుంది. కళ్ళాపికి కలిపిన పేడనీళ్ళ బిందె కూడా దగ్గర పెట్టుకుంది. కునుకు పట్టిందో ఏమో, చీపురు గీరుతున్న చప్పుడుకు తెలివొచ్చింది. ధైర్యం కూడదీసుకుని తలుపు తీసేసరికి తామరపువ్వు ముగ్గు చివరికొచ్చింది. దొర కోటు అరుగు మీద మడతపెట్టి ఉంది. ఆయన మోకాళ్ళు వంచకుండా, నడుం మాత్రం వంచి, ఎక్కడిదో ఉత్తరీయం కొంగులా బొడ్లో దోపుకుని ముగ్గు వేస్తున్నాడు, అచ్చం ఆవిడలాగే. కుడిచేతి చూపుడువేలికి గుడ్డ చుట్టి ఉంది. వేలు వంకరగా ఉంది. గుడ్డమీద నెత్తురింకా పచ్చిగానే ఉంది.

తలుపు చప్పుడుకి ఆయన తలెత్తి, మోచేత్తో నుదుటి చెమట తుడుచుకుని చూశాడు. చూపులో బెదురు లేదు, తప్పు చేసిన జాడ లేదు. వేళగాని వేళ గుమ్మంలోకి ఎవరో పరాయి ఆడది వస్తే ఇల్లాలు ఎలా పలకరిస్తుందో, అంత మర్యాదగా, ఆవిడ యాసలోనే అడిగాడు.

"ఎవరు కావాలండీ?"

"మిగతాదంతా మరిచిపోతానేమో బాబూ" అని గురువుగారితో చెప్పిందట ముసలావిడ. "ఆ మాటినగానే నేనేం చేసేనో అదొక్కటీ మరిచిపోలేను. అవును, ఎవరికోసం వచ్చేనా అని ఆలోచించేను."

లోపల్నించి గంగులు నిద్రగొంతుతో కేకేశాడు. "వరహాలూ, ఎవరే వచ్చింది?"

ఆవిడ నోరు తెరిచేలోగా దొర జవాబు చెప్పాడు. "తెలీదండీ. అడుగుతున్నాను."

అప్పుడు వరహాలమ్మ బిందె ఎత్తి ముగ్గు మీద కుమ్మరించేసింది. తామర రేకులు కరిగి, తెల్లటి నీళ్ళయి వీధిలోకి పారాయి. దొర ఘొల్లుమన్నాడు. మోకాళ్ళ మీద కూలబడి, పేడనీళ్ళల్లో కలిసిపోతున్న పిండిని దోసిళ్ళతో కూడదీస్తూ పసిపిల్లాడిలా ఏడ్చాడు. గంగులు కర్ర పుచ్చుకుని వచ్చాడు, వీధి వీధంతా లేచి వచ్చింది. ఆ ఏడుపు చూసి ఎవరికీ ఆయన మీద చెయ్యెత్తడానికి మనసు రాలేదు. గుమ్మంలో నిలబడ్డ, ఏ పాపమూ ఎరగని వరహాలమ్మను ఎవరూ పల్లెత్తు మాటనలేదు. దొర మాత్రం ఆవిడవైపు ఒక్కసారి కూడా చూడలేదు. నాలుగడుగుల దూరంలో ఆవిడ నిలబడి ఉందన్న సంగతే ఆయనకు పట్టలేదు.

తెల్లదొరలు వచ్చి ఆయన్ని తీసుకెళ్ళి పుదుచ్చేరి ఓడ ఎక్కించారు. కాపురం నిలబడింది. వరహాలమ్మ మటుకు ఆనాటి నుంచి కుడిచేత్తో ముగ్గు ముట్టుకోలేదు. ఎడమచేత్తో నేర్చుకుంది. ముసలితనంలోనూ గీత వంకరటింకరగానే పడేదట. గురువుగారు అదేమిటమ్మా అని అడిగితే, "బాగుండదు బాబూ, నాకూ తెలుసు. నాది నాకుండాలిగా" అందట.

గురువుగారు మళ్ళీ చిక్కుడుకాయల బుట్ట దగ్గరికి లాక్కున్నారు. నాకైతే ఆ మిట్టమధ్యాహ్నం, వెనకనెవరో నేను కూర్చున్నట్టే కూర్చున్నారేమో అనిపించి మెడ తిప్పి చూసుకోవాలనిపించింది. వీర్రాఘవులు తన అరచేతుల్లోకి చూసుకున్నాడు. చివరికి, ఎవరి తరఫునో వకాల్తా పుచ్చుకున్నట్టు అడిగాడు.

"ఎంత పిచ్చివాడైనా, ఆ దొర ఆవిణ్ణి ప్రేమించినట్టే కదండీ?"

"ఎందుకు ప్రేమించలేదూ? ప్రాణం పెట్టాడు నాయనా" అన్నారు గురువుగారు. "మధ్యలో ఆవిడే అడ్డొచ్చింది."